చిత్రశాలలో నడక

ఒకరు కూర్చిన పాటను మరియొకరు తమకు దోచిన తీరున మార్చి పాడవచ్చునా, పాడరాదా? ఈ ప్రశ్న సంగీత విద్వాంసుల సభలలోనే పుట్టునని తలంపరాదు. పెద్దలు వదలిపోయిన పాట యొక్కటైనను మిగిలియున్న ప్రతి యింటను ఇది యెన్నడో యొకనాడు పుట్టి తీరును. మా యింట పుట్టినది. దానికి సమాధానమును మేము రష్యాదేశపు పియానో కృతి యొకదానియందును, దానిని ఇంగ్లండుదేశపు యువకులు మువ్వురు సభలో వాయించిన రికార్డునందును వెదకికొంటిమి. ఆ వృత్తాంతమును సోదరీమణులతో ముచ్చటించుటకే యీ నాలుగు మాటలు.

మొదట మా యింటి మాట చెప్పి ఆవలకు బోయెదము. మా అత్తగారు సాయంకాలము దీపము పెట్టిన పిదప నొక పాట పాడెడివారు. అది యెవరు కట్టినదో యెవరికిని దెలియదు. వారి తల్లినుండి వారికిని, వారినుండి మాకును వచ్చినది. వారు కాలముచేసిన పిదప వచ్చిన మొదటి సాంవత్సరికమునకు బంధువులందరు చేరుదురు గనుక, ఆనాటి సాయంకాలము ఆ పాటను తన కీబోర్డుపై వాయింతునని మా కుమారుడనెను. ఉన్నదున్నట్లు గాదు, నడక త్వరితము చేసి, నడుమ తాను కూర్చిన స్వరములను జేర్చి వాయించునట. మా పెద్ద ఆడపడుచు అది విని, “మా అమ్మ పాటకు వేషం కడతావట్రా?” అని కన్నీరు పెట్టుకొనెను. “పాడకుండా దాచిపెడితే మామ్మ పాట మిగులుతుందా, అత్తా?” అని వాడనెను. ఇరువురి మాటలును ప్రేమనుండి పుట్టినవే. కనుకనే తగవు తీర్చుట కష్టమయ్యెను. తీర్పు మమ్ము చెప్పుమనిరి. “తీర్పు చెప్పేముందు ఇది వినమ్మా” అని కుమారుడు మా చేతికొక రికార్డు నిచ్చెను. దానిపేరు “పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్,” అనగా చిత్రప్రదర్శనలోని చిత్రములు. వాయించినవారు ఎమర్సన్, లేక్, పామర్ అను మువ్వురు.

మూలమును వినక మార్పును గూర్చి మాటాడుట న్యాయము గాదని తలంచి, వంటయిల్లు సర్దుకొనిన పిదప మూడు రాత్రులు దీనికే కేటాయించితిమి. మొదటి రాత్రి పియానోపై, కర్త వ్రాసిన రూపమున. రెండవ రాత్రి పెద్ద వాద్యబృందము వాయించు రూపమున. మూడవ రాత్రి ఆ మువ్వురి రూపమున వింటిమి. పాశ్చాత్య సంగీతశాస్త్రము మాకు రాదు. బాల్యమున నేర్చిన వర్ణములు, కృతులు కొన్ని, వినుటకు రెండు చెవులు, ఇంతియే మా సంపత్తి. అయినను ఆ కృతి పుట్టిన కథ తెలిసిన పిదప శాస్త్రము రాదను కొఱత అంతగా బాధింపలేదు. ఏలయన నది చనిపోయిన మిత్రుని కొఱకు దుఃఖించినవాని కథ. అది యే భాషవారికైనను దెలిసిన కథయే.

మోడెస్ట్ ముసోర్గ్‌స్కీ యనునాయన 1839లో రష్యాదేశమున జన్మించెను. ప్రభుత్వ కచేరిలో గుమాస్తాపని చేయుచు, మిగిలిన కాలమున సంగీతము వ్రాయుచుండెను. ఆయనకు విక్టర్ హార్ట్‌మన్ అను మిత్రుడుండెను. హార్ట్‌మన్ భవననిర్మాణ శిల్పి, చిత్రకారుడు. ఇరువురికిని రష్యాదేశపు కథలన్నను, జానపదుల పనితనమన్నను మక్కువ. ఒకనాడు మిత్రులిద్దరును సెంట్ పీటర్స్‌బర్గు వీధిలో నడచి పోవుచుండగా హార్ట్‌మన్ నిలిచిపోయి, మొగము పాలిపోయి, ఒక యింటి గోడకు ఆనుకొని ఊపిరాడక తల్లడిల్లెను. ముసోర్గ్‌స్కీ దానిని పెద్దవిషయముగా నెంచలేదు. కొంచెము ఊపిరి తీసికొనుము, పిదప నడచిపోదమని యోదార్చెను. 1873లో హార్ట్‌మన్ ముప్పదితొమ్మిదవ యేట మరణించెను. ఆనాటి గోడను, ఆ పాలిన మొగమును, తాననిన మాటను దలంచుకొని ముసోర్గ్‌స్కీ తమ యిద్దరికిని మిత్రుడైన స్టాసోవ్ అను విమర్శకునకు దుఃఖముతో లేఖ వ్రాసెను.

మరుసటి సంవత్సరము, 1874 ఆరంభమున, స్టాసోవ్ మొదలగువారు పూనుకొని హార్ట్‌మన్ చిత్రములను, నమూనాలను నాలుగువందలకు పైగా సమకూర్చి సెంట్ పీటర్స్‌బర్గులో ప్రదర్శించిరి. మిత్రుడు తనకు కానుకగా నిచ్చిన రెండు చిత్రములను ముసోర్గ్‌స్కీయు ఆ ప్రదర్శనకు బంపెను. తానును బోయి చూచెను. ఆ సంవత్సరము జూను నెలలో సుమారు ఇరువది దినములలో పియానోకొఱకు ఈ కృతిని వ్రాసి ముగించెను. ఇందు పది చిత్రములు కలవు. చిత్రమునకును చిత్రమునకును నడుమ పలుమార్లు వచ్చు చిన్న రాగమాల యొకటి కలదు. దానికి “ప్రొమెనాడ్,” అనగా నడక యని పేరు. చిత్రశాలలో నొక పటమునొద్దనుండి మరియొక పటమునొద్దకు నడచు మనుష్యుడు ముసోర్గ్‌స్కీయే.

ఆ నడక సమమైన తాళమున సాగదు. ఒక ఆవృత్తమున అయిదు దెబ్బలు, మరుసటి ఆవృత్తమున ఆరు; మరల అయిదు, మరల ఆరు. తాళము వేయుట కలవాటుపడిన చేతితో మేము లెక్కింపబోగా మొదట చేయి తడబడెను. పిదప నిది స్థూలకాయుడగు మనుష్యుడు ఒకచోట ఆగుచు, ఒకచోట త్వరపడుచు నడచు తీరని తెలిసెను. వీథిలో నడుమ తెగిపోయిన నడక చిత్రశాలలో మరల సాగినదా యని మాకు దోచెను. కర్త అట్లని యెచ్చటను వ్రాయలేదు. కాని ఆ గోడప్రక్క కథ చదివి యీ నడకను వినువారెవ్వరికైనను ఈ తలంపు రాక మానదు.

చిత్రము లేవేవన: గింజలు పగులగొట్టు బొమ్మగా హార్ట్‌మన్ గీసిన వంకరకాళ్ల మరుగుజ్జు; పాతకోట యెదుట పాడు గాయకుడు; పారిసు తోటలో తగవులాడు పిల్లలు; పెద్దచక్రముల యెద్దుబండి; గుడ్డు పెంకులు వీడని కోడిపిల్లల నాట్యము; ధనవంతుడు, బీదవాడునగు నిద్దరు యూదులు; లిమోజ్ పట్టణపు సంతలో వాదులాడు స్త్రీలు; పారిసు నగరపు భూగర్భ శ్మశానము; బాబా యాగా యను మంత్రగత్తె నివసించు కోడికాళ్ల గుడిసె; కడపట కీవ్ నగర మహాద్వారము. సంతలోని స్త్రీల తగవు వినినప్పుడు మాకు నవ్వు వచ్చినది. బేరమాడు గొంతులు ఏ దేశమునందైనను ఒకే వేగమున పరుగెత్తును కాబోలు.

శ్మశానమునొద్దకు వచ్చుసరికి నవ్వు నిలిచిపోవును. హార్ట్‌మన్ ఆ చిత్రమున తన్ను దాను గీసికొనెను. దీపపు వెలుగున పుఱ్ఱెలను జూచుచు నిలిచియుండును. ఇచ్చట ముసోర్గ్‌స్కీ నడకరాగమునే మిక్కిలి మెల్లగా, వణకు స్వరములతో, దిగులుగా మార్చి వినిపించును. చనిపోయిన మిత్రుని యాత్మ తన్ను ఆ పుఱ్ఱెలయొద్దకు గొనిపోవుచున్నదనియు, అవి లోపలనుండి మెల్లగా వెలుగుచున్నవనియు ఆయన వ్రాతప్రతి యంచున వ్రాసికొనెను. అంతవరకు పటములకు వెలుపల నడచినవాడు ఇచ్చట పటములోపలికి బోయి మిత్రుని ప్రక్కన నిలిచినాడన్నమాట. మా దృష్టిలో నీ కృతికి హృదయము ఇదియే.

కడపటి ద్వారము సంగతి మరియు విచిత్రము. 1866లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు హత్యాప్రయత్నమునుండి తప్పించుకొనెను. దాని జ్ఞాపకార్థము కీవ్ నగరమున ద్వారము గట్టదలచి నమూనాలు గోరిరి. హార్ట్‌మన్ నమూనా గీసెను. కాని ఆ ద్వారము కట్టబడనేలేదు. కాగితముపై నిలిచిపోయిన ఆ కట్టడమును ముసోర్గ్‌స్కీ గంటలతోను, దేవాలయ గీతముతోను నాదమున గట్టినాడు. శిల్పికి దక్కని ద్వారము మిత్రుని చేత దక్కినది.

ఇంత చేసిన ముసోర్గ్‌స్కీ తన కృతి అచ్చగుట చూడలేదు. మద్యపానమున ఆరోగ్యము చెడి 1881లో నలువదిరెండేండ్లకే గతించెను. మిత్రుడు రిమ్‌స్కీ-కోర్సకోవ్ వ్రాతప్రతిని సవరించి 1886లో అచ్చువేయించెను. సవరణలు ప్రేమతో చేసినవే. కాని యొక్కటి వినుడు. ముసోర్గ్‌స్కీ యెద్దుబండిని మొదటి స్వరమునుండియే గట్టిగా వాయింపుమని వ్రాసెను. బండి మన ముందే యున్నదన్నమాట. అచ్చుప్రతిలో నది మెల్లగా మొదలై, దూరమునుండి వచ్చుచున్నట్లు క్రమముగా బలియునట్లు మారెను. 1922లో కుసెవిట్‌స్కీ యను వాద్యబృంద నాయకుడు కోరగా ఫ్రాన్సుదేశపు మారిస్ రవేల్ ఈ కృతిని పెద్ద వాద్యబృందమునకు అనువుగా మార్చి వ్రాసినప్పుడు ఆయన కాధారము ఆ అచ్చుప్రతియే గనుక, ఆయన బండియు దూరమునుండియే వచ్చెను. కర్త వ్రాసినట్లు సవరించిన ప్రతి 1931లో గాని వెలువడలేదు. రవేల్ కూడ నడకలలో నొకదానిని విడిచిపెట్టెను. పాతకోట గాయకుని గొంతును శాక్సఫోను వాద్యమున కిచ్చెను. అయినను నేడు లోకమున నెక్కువమంది యెఱిగిన రూపము రవేల్ రూపమే. దానిని ఎవ్వరును అపచారమనలేదు. పెద్దవారు మార్చిన మార్పు మెల్లగా సంప్రదాయమగును. చిన్నవారు మార్చినప్పుడే మనకు కోపము వచ్చును.

ఇక ఆ చిన్నవారి సంగతి. 1960ల చివరను ఇంగ్లండులో కొందరు యువకులకు మూడు నిమిషముల నాట్యపు పాటలు చాలవయ్యెను. వారు దీర్ఘమైన కూర్పులను, మారుచుండు తాళములను, పాశ్చాత్య శాస్త్రీయ కృతులను తమ విద్యుద్వాద్యములపైకి దెచ్చుకొనిరి. దానిని ప్రోగ్రెసివ్ రాక్ అనిరి. 1970లో ఏర్పడిన ఎమర్సన్, లేక్, పామర్ బృందము అట్టిది. కీత్ ఎమర్సన్ ఆర్గను, సింథసైజరు మొదలగు మెట్లవాద్యములను వాయించువాడు. గ్రెగ్ లేక్ గాయకుడు, బేస్ గిటారు వాదకుడు. కార్ల్ పామర్ డ్రమ్ములు వాయించువాడు. కొన్నియేండ్ల క్రిందట వాద్యబృందము ఈ కృతిని వాయింపగా వినియున్న ఎమర్సన్ దానిని తాము వాయింతమని మిత్రుల నడిగెను, వారు సమ్మతించిరి.

1970 ఆగస్టులో వైట్ దీవిని జరిగిన గొప్ప సంగీతోత్సవమున లక్షలాది జనముముందు వారు దీనిని వాయించిరి. అది వారి రెండవ సభ మాత్రమే. ఆనాడు వేదికపై ఫిరంగులు సైతము ప్రేల్చిరి. జాన్ పీల్ అను ప్రసిద్ధ రేడియో వ్యాఖ్యాతకు ఇది యెంతమాత్రము నచ్చక, ప్రతిభయు విద్యుచ్ఛక్తియు రెండును వృథా యయ్యెనని పరిహసించెను. మేము గ్రహించిన రికార్డు మరుసటి సంవత్సరము 1971 మార్చి 26వ తేదీని న్యూకాసిల్ పట్టణపు సిటీ హాలులో వారు వాయించినప్పటిది. నాటికి మువ్వురిలో పెద్దవాడగు ఎమర్సనుకు ఇరువదియారేండ్లు, చిన్నవాడగు పామరుకు ఇరువదియొక్కటి. ఆ నవంబరులో తక్కువ వెలకు అమ్మకమునకు రాగా ఇంగ్లండులో మూడవ స్థానమునకును, పిదప అమెరికాలో పదవ స్థానమునకును ఎక్కెను.

రికార్డు మొదలగునప్పుడు మాకు ఆశ్చర్యము కలిగినది. కర్ణకఠోరమైన మ్రోతకు సిద్ధపడి కూర్చున్న మాకు, ఆ హాలునందలి పెద్ద గొట్టముల ఆర్గనుపై, దేవాలయమునందువలె గంభీరముగా, ఆ నడకరాగము వినవచ్చినది. స్వరము మారలేదు, అయిదును ఆరునుగా నడచు నడక మారలేదు. అది ముగియగానే డ్రమ్ములు ఉరుముచు మ్రోగును. అది యలంకారము కొఱకు మాత్రమే కాదట. ఆర్గను గద్దె పైయెత్తున నుండుటచే, ఎమర్సన్ దిగివచ్చి తన తక్కిన వాద్యములను జేరువఱకు పామర్ ఆ యుఱుముతో సభను నిలుపుచుండెనట. ఇది తెలిసినప్పుడు పెండ్లిండ్లలో ఆలస్యముగా వచ్చు బంధువుకొఱకు మాటలు పెంచి పొద్దుపుచ్చు పెద్దలు జ్ఞప్తికి వచ్చిరి.

పిదప మరుగుజ్జు వచ్చును. తీగయు గొట్టమును లేక విద్యుచ్ఛక్తితోనే నాదము పుట్టించు మూగ్ సింథసైజరు 1960ల నడుమ వచ్చిన వాద్యము, నాటికి కొత్తది. వంకరకాళ్లతో ఎగురుచు బడుచు పోవు ఆ బొమ్మ కా వాద్యపు వింతగొంతు సరిగ్గా అమరినది. మరల నడక, ఈసారి లేక్ తాను వ్రాసిన మాటలతో దానిని మెల్లగా పాడును. తరువాత “సేజ్,” అనగా జ్ఞాని యను పాట. ఇది ముసోర్గ్‌స్కీది గాదు. లేక్ సొంతముగా కూర్చి, విద్యుత్తు లేని గిటారుపై, ఒంటరిగా పాడినది. ఇంత సద్దు నడుమ నింత నిశ్శబ్దము దాచియుంచిరా యని మేము విస్తుపోతిమి.

ఆ పాట ముగియగానే పాతకోట గుఱ్ఱపుదౌడున వచ్చును. ముసోర్గ్‌స్కీ కోట యెదుట గాయకుడు మిక్కిలి మెల్లగా, దిగులుగా పాడుచుండును. వీరి కోటలో ఆ దిగులు లేదు. మొదట మాకు కష్టము తోచెను. మరునాడు మరల విన్నప్పుడు వేఱుగా దోచినది. కోట యెదుటి ఆ గాయకుని వీరు తీసివేయలేదు. ముందునకు దెచ్చి “జ్ఞాని” పాటలో నిలువబెట్టినారు. వారట్లు తలంచిరో లేదో మేమెఱుగము. మా చెవికి మాత్రము పాట యాతనిది, కోట వెనుక వచ్చినది. దాని తరువాత బ్లూస్ అను అమెరికా నల్లజాతివారి శైలిలో తాము కూర్చిన భాగ మొకటి, మంత్రగత్తె గుడిసె, మంత్రగత్తె శాపమని తమదే మరియొకటి, కడకు మహాద్వారము. ద్వారమునొద్ద లేక్ మరల గొంతెత్తును. సభలోని జనము గొంతులు చించుకొని యఱచుట వినవచ్చును.

ఇప్పుడు లెక్క చూతము. పది చిత్రములలో వీరు ఉంచినవి నాలుగు: మరుగుజ్జు, పాతకోట, గుడిసె, ద్వారము. విడిచినవి ఆఱు. పిల్లల తగవు లేదు, ఎద్దుబండి లేదు, కోడిపిల్లలు లేవు, సంతలోని స్త్రీలు లేరు. ఇవి లేకున్నను సహింపవచ్చును. కాని భూగర్భ శ్మశానము లేదు. మిత్రుడు మిత్రునితో పుఱ్ఱెల నడుమ నిలిచిన ఆ చోటు లేదు. ఇది మా ఆక్షేపణ. రికార్డును మెచ్చుకొనుచును దీనిని మేము విడువజాలము. ఇరువదేండ్లవారికి మృత్యువునొద్ద మెల్లగా నిలుచుట తెలియదు. ద్వారమువైపు పరుగెత్తుటయే తెలియును. అది వారి వయస్సు ధర్మము. మరి యా వయస్సువారే ఈ కృతిని తమ తరమువారి లక్షల చెవులకు జేర్చినారనుటయు అంతే నిజము. పియానో సభకు టిక్కెట్టు కొననివారు, రవేల్ పేరు విననివారు, ఈ రికార్డు విని ముసోర్గ్‌స్కీ యెవరని వెదకికొనిరి. మా యింట జరిగినదియు అదే. కుమారుని రికార్డు లేకున్న మేము హార్ట్‌మన్ పేరైన నెఱుగము.

ఆ రికార్డు అట్టను గూర్చి యొక్కమాట. వెలుపల గోడపై బంగారు చట్రములు మాత్రమే కనబడును. వానిలో చిత్రములు లేవు. అట్ట విప్పినచో లోపల అవే చట్రములు చిత్రములతో నిండియుండును. హార్ట్‌మన్ చిత్రములలో పెక్కులు నేడు దొరకవు. ఈ కృతికి మూలమని తెలిసిన పదింటిలోను కొన్ని మాత్రమే మిగిలినవి. తక్కిన చట్రములు ఖాళీ. చిత్రములు పోయినవి, చిత్రములను గూర్చిన సంగీతము మిగిలినది. ఆ సంగీతమును మేలుకొల్పువారు తరమునకొకరు వచ్చి ఖాళీ చట్రములను తమకు దెలిసిన రంగులతో నింపుచున్నారు. అట్ట చిత్రించినవాని యుద్దేశ మేమైనను, మాకు దోచిన యర్థమిది.

ఈ మూడు రాత్రులలో మాకు స్పష్టమైన సంగతులు రెండు. మొదటిది: మార్చుటకు స్వాతంత్ర్యము కావలెనన్న మూలము చెడక నిలిచియుండవలెను. ముసోర్గ్‌స్కీ స్వహస్తపు ప్రతి నేటికిని సెంట్ పీటర్స్‌బర్గు గ్రంథాలయమున భద్రముగా నున్నది. దాని ప్రతిరూపమును 1975లో అచ్చువేసిరి. కనుకనే రవేల్ ఎంత మార్చినను, ఎమర్సన్ ఎంత మార్చినను మూలమునకు లోపము రాలేదు. ఎద్దుబండి విషయమున జరిగిన చిక్కు మార్పువలన గాదు; మార్పును మూలమని యేండ్లతరబడి నమ్ముటవలన. రెండవది: ఎన్ని చిత్రములు విడిచినను నడకను విడువరాదు. ఆ మువ్వురు ఆఱు చిత్రములను విడిచిరి గాని నడకను మూడుమార్లు వినిపించిరి. మృతుని తలంచుకొనుచు నడచువాడుండునంతవరకు అది ముసోర్గ్‌స్కీ కృతియే. నడచువాడు లేనినాడు పటములు మాత్రము మిగులును.

దీని ననుసరించి మా యింటి తగవున కిట్లు తీర్పు చెప్పితిమి. అత్తగారి పాటను ముందుగా మా ఆడపడుచు, వారి తల్లి పాడిన తీరుననే, తోడువాద్యము లేక పాడవలెను. దానిని ఫోనులో పట్టి యుంచవలెను. మాటలను కాగితముపై వ్రాయవలెను. ఇది మూలప్రతి. పిదప పిల్లవాడు తన యిష్టము వచ్చినట్లు వాయించుకొనవచ్చును, పల్లవి మాత్రము చెడగొట్టరాదు. ఆడపడుచు వెంటనే సమ్మతింపలేదు. రెండు దినములు మాటాడక తిరిగి, మూడవనాడు తానే వచ్చి కూర్చుండి పాడెను. రెండవ చరణమునొద్ద గొంతు పూడిపోయినది. ఎవ్వరమును ఆపలేదు, పాట నిలిచిన చోట నిలిచినట్లే ఆ మూలప్రతిలో నున్నది.

సాంవత్సరికమునాటి సాయంకాలము పిల్లవాడు వాయించెను. కొన్నిచోట్ల మాకు నచ్చినది, కొన్నిచోట్ల సద్దు మిక్కుటమనిపించినది. ఆడపడుచు మెచ్చుకొనలేదు, తిట్టనులేదు. అందరు లేచిన పిదప వానియొద్దకు బోయి, “రెండో చరణం దగ్గర కాస్త ఆగి వాయించరా. అమ్మ అక్కడ ఊపిరి తీసుకునేది” అనెను. వాడు తలయూపి, ఆచోట నొక క్షణము ఆగి, మరల వాయించి చూపెను. ఆ క్షణపు నిశ్శబ్దమున మా అత్తగారు మా నడుమ కూర్చున్నట్లే యుండెను.

సోదరీమణులకు మా విన్నపమొక్కటి. మీ యింట పెద్దలు పాడు పాట యున్నచో వారుండగనే పట్టి యుంచుకొనుడు. ఎక్కడ ఆగుదురో, ఎక్కడ ఊపిరి తీసికొందురో, అదియు గుర్తించి వ్రాసికొనుడు. అంతట పిల్లలు దానిని మార్చినప్పుడు భయపడ నక్కఱలేదు. దాచిన పాట పెట్టెలో నుండును. మార్చిన పాట వీధిలో తిరుగును. రెండును కావలెను.

ఆ మువ్వురి కథ ముగింపు కూడ చెప్పవలసియున్నది. 2010 జూలైలో లండను నగరమున వారు కడపటిసారి కలిసి వాయించిరి. ఆనాడును ఈ కృతిని వాయించిరి. 2016 మార్చిలో ఎమర్సన్ మరణించెను. ఆ సంవత్సరమే డిసెంబరులో లేక్ మరణించెను. మువ్వురిలో మిగిలినవాడు, ఆనాడు న్యూకాసిల్‌లో మిత్రుడు దిగివచ్చువఱకు ఉఱుము మ్రోగించి సభను నిలిపిన చిన్నవాడు పామర్. ఆయన పిదప సభలలో చనిపోయిన మిత్రులిద్దరు పాడి వాయించిన పాత చలనచిత్రములను తెరపై చూపి, వారితో జతగా తాను వేదికపై డ్రమ్ములు వాయించెను. శ్మశానచిత్రమును విడిచిపెట్టిన యువకులలో నొకడు, ముదిమిని, మిత్రుల చిత్రముల యెదుట నిలిచినాడు. ముసోర్గ్‌స్కీ 1874లో చేసినదియు ఇంతియే గదా!